పక్క ముక్క చేతిలో ఉన్న రంగు

మొయినాబాద్ మండలం సురంగల్‌లో అయినా, అటు చేవెళ్ల పల్లెల్లో అయినా, ఇంట్లో బొంత కుట్టాలంటే మొదటి చిక్కు రంగుల దగ్గరే వస్తుంది. పాత చీరలు చింపి, ముక్కలు చేసి చాప మీద పరుస్తారు. నిండు ఎరుపు ముక్క కనకాంబరం రంగు పక్కన చేరగానే మసకబారినట్టు కనిపిస్తుంది. అదే ముక్కను తీసి చిలకపచ్చ పక్కన పెడితే నిన్ననే కొన్న గుడ్డలా మెరుస్తుంది. బొంతలు కుట్టే చేతులకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. ఎందుకిలా అన్నదానికి జవాబు దొరికి మాత్రం దాదాపు 200 ఏళ్లే అయింది. అది దొరికింది కూడా ఒక అద్దకపు కార్ఖానాలో!

1824లో పారిస్‌లోని గోబెలిన్ కార్ఖానాలో అద్దకం విభాగానికి మిషెల్ యూజీన్ షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్త అధిపతిగా చేరాడు. రాజభవనాల గోడలకు వేలాడదీసే బొమ్మల నేతలకు పేరుపడ్డ చోటు అది. ఆయన అంతకుముందు కొవ్వుల మీద పరిశోధన చేసి పేరు తెచ్చుకున్నాడు. వచ్చీరాగానే నేతగాళ్ల ఫిర్యాదు ఎదురైంది. నీలం, ఊదా బట్టల మడతల్లో నీడ చూపడానికి వాడే నల్లనూలు నల్లగా ఉండటం లేదట, అద్దకంలోనే లోపం ఉందట.

షెవ్రోల్ ముందు ఆ మాటే నమ్మి వెతికాడు. ఫ్రాన్స్‌లోనూ బయటి దేశాల్లోనూ పేరున్న అద్దకాల నల్లనూలు తెప్పించి, తమ నూలుతో పోల్చి చూశాడు. తమ నలుపు దేనికీ తీసిపోలేదు. మరి నేతలోకి వెళ్లగానే ఎందుకు చచ్చుబడుతోంది? నూలును ఎంత పరీక్షించినా తేలని విషయం, దాని పక్కనున్న నూలును గమనించాక తేలింది. నీలం తన ఎదురు రంగైన, అంటే రంగుల చక్రంలో తనకు ఎదురుగా ఉండే నారింజ ఛాయను పక్కనున్న నలుపు మీద పడేస్తోంది. నిజానికి నూలు మీద పడేదేమీ లేదు, చూసే కంటికి అలా తోస్తుంది. అందుకే నలుపు తుప్పు పట్టినట్టు కనిపించింది.

ఆయన పుస్తకంలో మరో ముచ్చట ఉంది. బట్టల వ్యాపారులు ఎరుపు, ఊదా, నీలం గుడ్డలిచ్చి వాటి మీద నల్లపూలు అద్దమన్నారు. అద్దినవి చేతికొచ్చాక గొడవకు దిగారు. ఎర్రగుడ్డ మీది నలుపు పచ్చగా ఉందని, ఊదా మీదిది పసుపు కలిసిన పచ్చగా ఉందని, నీలం మీదిది రాగిరంగులో ఉందని. షెవ్రోల్ వాదనకు దిగలేదు. కాగితాన్ని పూల ఆకారంలో కత్తిరించి, కింది గుడ్డ రంగు కనపడకుండా కప్పి, నల్లపూలు మాత్రమే కనిపించేలా పెట్టాడు. మూడు గుడ్డల మీదా ఒకటే నలుపు! అద్దకందారు తప్పేమీ లేదు.

1828లో ఆయన ఈ సంగతిని పండితుల ముందు పెట్టాడు, 1839లో పెద్ద పుస్తకంగా వేశాడు. రెండు రంగులు పక్కపక్కన చేరితే వాటి మధ్య తేడాను కన్ను పెంచి చూస్తుంది. లేతది ఇంకా లేతగా, ముదురుది ఇంకా ముదురుగా తోస్తుంది. ఒక్కో రంగూ రెండోదాన్ని తన ఎదురు రంగు వైపు నెడుతుంది. కంటిలోని, మెదడులోని నాడీకణాలు రంగుల్ని పోల్చి చూస్తాయే తప్ప విడిగా కొలవవని తర్వాతి శాస్త్రం తేల్చింది. 1704లో న్యూటన్ ఏడు రంగులతో గీసిన చక్రాన్ని షెవ్రోల్ 72 భాగాలకు పెంచాడు. అందులో ఎరుపుకి ఎదురు పచ్చ, నీలానికి నారింజ, పసుపుకి ఊదా. తివాచీలు, గాజు కిటికీలు, దుస్తులు, పూలతోటలు, అన్నింటికీ ఈ సూత్రాన్ని ఎలా వర్తింపజేయాలో రాశాడు. 102 ఏళ్లు బతికి 1889లో కన్నుమూశాడు.

సూత్రం దొరికిన కొన్నాళ్లకే రంగుల వరద వచ్చింది. అంతవరకూ మన తీరంలో ఎరుపంటే చిరివేరు, నీలమంటే నీలిమందు. ఉన్న కొద్దిపాటి రంగులతోనే నేతగాళ్లు పొందిక సాధించారు. చీరాలలో పుట్టి పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలు ఎరుపు, నలుపు, తెలుపు మూడింటితోనే నడుస్తుంది. 1856లో లండన్‌లో 18 ఏళ్ల విలియం పెర్కిన్, మలేరియా మందు క్వినైన్ తయారుచేయబోయి ఊదారంగు కనిపెట్టాడు. 1897 నాటికి కార్ఖానాలో చేసిన నీలి కూడా అంగట్లోకి వచ్చేసింది. రాణి రంగు, వంగపండు రంగు, నెమలికంఠం, అన్నీ చవకగా చీరల్లోకి ఎక్కాయి, చీర పాతబడ్డాక బొంతలోకి దిగాయి. రంగుల ఎంపిక అప్పుడే కష్టమైంది.

ఈ చిక్కుకు మరో కొస 1905లో అందింది. ఆల్బర్ట్ మన్సెల్ అనే అమెరికా చిత్రకళా ఉపాధ్యాయుడు రంగుని మూడు కొలతలుగా విడదీశాడు. అది ఏ రంగు, ఎంత ముదురు, ఎంత నిండు. బొంతకి వీటిలో ప్రాణం రెండోది. ఎరుపూ పచ్చా ఎదురు రంగులే అయినా రెండూ ఒకే ముదురులో ఉంటే దూరం నుంచి ఒకదానిలో ఒకటి కలిసిపోయి గళ్లు తెలియవు. ముదురు మెరూన్ పక్కన లేత బిస్కెట్ రంగు పెడితే, గడప అవతల నుంచి చూసినా గడి గడిగా లెక్కపెట్టొచ్చు.

మన తండాల్లో లంబాడా స్త్రీల కుట్టుపని చూడండి. ఎరుపు, నీలం, పసుపు రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టుంటాయి, అయినా ఏదీ చెదరదు. మధ్య మధ్య కుట్టిన అద్దాలు, తెల్ల గవ్వలు వాటిని విడదీసి నిలబెడతాయి. తెలుపు పక్కన చేరిన రంగు మరింత తేటపడుతుందని షెవ్రోల్ పుస్తకంలోనూ ఉంది. ఏ పుస్తకమూ చదవకుండానే ఆ చేతులు అక్కడికి చేరాయి. మనం బొంతను పాతగుడ్డల మూటగా చూడటం మానేయాలి. అమెరికాలో 1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ఇళ్లలో కుట్టిన బొంతల్ని చిత్రాల్లా గోడకి వేలాడదీసి ప్రదర్శించింది. మన బొంతలకూ ఆ గౌరవం దక్కాలని నా కోరిక.

ఈసారి బొంత మొదలుపెట్టేటప్పుడు ముక్కల్ని ముందు రంగుల వారీగా కాక, ముదురు ఒక కుప్ప, లేత ఒక కుప్ప చేయండి. ఒక ముదురు, ఒక లేత చొప్పున పరవండి. ఎదురు రంగుల్ని సమానంగా పంచకండి, ఒకటి ఎక్కువగా, రెండోది అక్కడక్కడా ఉంటే చాలు. రెండు నిండు రంగులు కొట్టుకుంటే మధ్యలో తెల్లటి పట్టీ వేయండి. చూడటం పగటి వెలుగులోనే చూడండి. సందెచీకట్లో ఎరుపు నల్లబడి నీలం తేలుతుందని పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త 1825లోనే చెప్పాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, కళ్లు సగం మూసి చూడండి. ఏ ముక్క వెలవెలబోతుంటే దాన్ని పారేయకండి, దాని పక్క ముక్కను మార్చి చూడండి. సూదిలో దారం ఎక్కించేది ఆ తర్వాతే.