వెన్నుపామును నొక్కిన నీళ్ళు

పదవ తరగతి జీవశాస్త్రం చదివిన వారందరికీ మెదడు, వెన్నుపాము, నాడులు అనే మూడు మాటలు గుర్తుంటాయి. ఏది దేనికి లోబడి పనిచేస్తుందో మాత్రం బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నంత మాత్రాన బోధపడదు. ఆ సంగతిని మన తెలుగు నేల మీద ఒక వ్యాధి చాలా కఠినంగా బోధించింది. దాని పేరు ఫ్లోరోసిస్.

1937లో హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచర వైద్యులు ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని ఈ వ్యాధిని శాస్త్రీయంగా వర్ణించారు. వారు చూసిన రోగులు అప్పటి నెల్లూరు జిల్లాకు చెందినవారు. పొదిలి, దర్శి మెట్ట ప్రాంతాలు ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. 1970 తరువాతనే అవి ప్రకాశం జిల్లాలో చేరాయి. నడుము వంగదు, మెడ తిరగదు. పక్కకు చూడాలంటే ఒళ్ళంతా తిప్పాలి. కారణం తాగే నీటిలో ఉంది. గ్రానైటు రాళ్ళలోని ఖనిజాల నుండి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి దిగుతుంది. వాన తక్కువగా, నీటిలో కాల్షియం తక్కువగా ఉన్నచోట అది మరీ ఎక్కువగా పేరుకుంటుంది.

పిల్లల పళ్ళపై గోధుమరంగు గారలు ఫ్లోరైడు తొలి ఆనవాలు. ఎముకలకు పట్టడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. ఎముక మందమవుతుంది, ఎముకలను కలిపి ఉంచే స్నాయువులు కూడా ఎముకలా గట్టిపడతాయి. ఇంతవరకూ ఇది ఎముకల జబ్బే. అయితే 1955లో ఎ.హెచ్. సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసం ఈ వ్యాధి నాడీ వ్యవస్థను ఎలా దెబ్బతీస్తుందో కూడా చూపింది. ఆ తరువాత హైదరాబాదులో న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి గారు ఈ విషయాన్ని మరింత లోతుగా అధ్యయనం చేశారు. ఎముకల ఫ్లోరోసిస్ ఉన్నవారిలో సుమారు పది శాతం మందికి నాడీ లక్షణాలు వస్తాయని వైద్య గ్రంథాలు చెబుతాయి.

ఇక్కడే పాఠం ఆసక్తికరమవుతుంది. వెన్నుపాము మన చిటికెన వేలంత లావు, దాదాపు 45 సెంటీమీటర్ల పొడవు. వెన్నెముక లోపలి గొట్టంలో భద్రంగా ఉంటుంది. దాని నుండి 31 జతల నాడులు వెలువడతాయి. చుట్టూ ఉన్న ఎముక, స్నాయువులు లోపలికి పెరిగితే ఆ గొట్టం ఇరుకవుతుంది. ఫ్లోరైడు నాడీకణంపై చేసే ప్రభావం సంగతి ఎలా ఉన్నా, ఈ రోగులలో ప్రధానమైన నష్టం ఆ నొక్కుడు వల్లనే జరుగుతుంది.

మెడ దగ్గర గొట్టం ఇరుకైన రోగిని ఊహించండి. అతని చేతి కండరాలు సన్నబడి బలహీనమవుతాయి. కాళ్ళు మాత్రం కర్రల్లా బిగుసుకుంటాయి. మోకాలి కింద సుత్తితో తట్టితే పాదం మామూలు కంటే ఎంతో జోరుగా ఎగురుతుంది. నొక్కుడు ఒక్కటే అయినా చేతికి ఒక ఫలితం, కాలికి దానికి విరుద్ధమైన ఫలితం!

ఎందుకంటే చేతికి వెళ్ళే చాలక నాడుల మూలాలు మెడలోనే ఉన్నాయి. అవి నలిగితే కండరానికి ఆజ్ఞ అందదు. వాడకం లేక, పోషణ లేక అది కుంచించుకుపోతుంది. కాలి నాడుల మూలాలు కింద, నడుము భాగంలో క్షేమంగా ఉన్నాయి. మోకాలి ప్రతీకార చర్య అక్కడే పూర్తవుతుంది. దానికి మెదడు అనుమతి అక్కరలేదు. అయితే మెదడు నిరంతరం పైనుండి ఆ చర్యకు పగ్గం వేస్తూ ఉంటుంది. మెడలో దారి మూసుకుపోతే ఆ పగ్గం తెగుతుంది. నడవమనే ఆజ్ఞా అందదు, ఆగమనే ఆజ్ఞా అందదు. కాళ్ళు బిగుసుకుపోవడానికి కారణం అదే. మెదడు పని ఆజ్ఞాపించడమే అని చాలామంది విద్యార్థులు రాస్తారు. ఆపడం కూడా అంతే పెద్ద పని అని ఈ రోగులే మా తరం వైద్యులకు నేర్పారని నా అభిప్రాయం.

పాదం అడుగున గీసినప్పుడు బొటనవేలు కిందికి వంగక పైకి లేస్తే మెదడు నుండి వచ్చే దారిలో దెబ్బ తగిలిందని అర్థం. ఫ్రాన్సులో జోసెఫ్ బాబిన్‌స్కీ 1896లో వర్ణించిన ఈ గుర్తును చూడడానికి వైద్యుడికి ఒక మొద్దు మొనగల వస్తువు చాలు. అయినా ఎందరో పేదలు లోపం లేని మోకాళ్ళకు ఎక్స్‌రేలు తీయించుకుని, వాతమని మాత్రలు మింగుతూ ఏళ్ళు గడిపారు. ఆ ఏళ్ళే విలువైనవి. చర్మం తెగితే మానుతుంది, చేతిలోని నాడి తెగినా మెల్లగా కొంత పెరుగుతుంది. వెన్నుపాములో చచ్చిపోయిన తంతువులు తిరిగి మొలవవు. శస్త్రచికిత్సతో ఎముకను తొలగించి గొట్టాన్ని వెడల్పు చేయవచ్చు. తంతువులు నలిగి ఉన్న దశలో ఫలితం ఉంటుంది, చచ్చాక ఉండదు. పైగా రాయిలా గట్టిపడిన ఎముకను తొలచడం సర్జన్‌కు కూడా చిన్న పని కాదు.

నీటిని శుద్ధి చేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. ప్రపంచమంతటా దానిని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తారు. ఒక జిల్లా పేరు ఇలా పాఠ్యగ్రంథాలకెక్కడం గర్వించవలసిన విషయమో కాదో మీరే చెప్పండి.

మన తిరువూరు వంటి మెట్ట ప్రాంతాలలో బోరు నీరు తాగేవారు ఒక సంగతి గమనించాలి. నీటిని మరగిస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరై తగ్గిన కొద్దీ దాని సాంద్రత పెరుగుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమనీ, వేరే నీరు దొరకనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు సహించవచ్చుననీ భారత ప్రమాణం. రుచిని బట్టి, రంగును బట్టి ఎవరూ దీనిని చెప్పలేరు. ప్రయోగశాలలో పరీక్ష చేయించవలసిందే.