విద్యార్థి సేవాసంఘములు – సభ్యపట్టికలు

మన సంఘమునకు అనుబంధముగా విద్యార్థి సేవాదళము పనిచేయుచున్న సంగతి సోదరులకెల్లరకును విదితమే. మహాసభలయందు భోజనపంక్తుల వడ్డన మొదలుకొని, రక్తదానము, గ్రామములలో పేదపిల్లలకు పాఠములు చెప్పుట వరకు అనేక కార్యములను ఈ యువకులును యువతులును నిర్వహించుచున్నారు. ఆ దళమునకు సభ్యపట్టికను ఏ తీరున నేర్పరుపవలయునని యిప్పుడు చర్చ పుట్టినది. ఇది గుమాస్తా పని మాత్రమే యని కొందరు తలంతురు. చరిత్రను పరిశీలించిన మాకట్లు తోచలేదు. పెద్దల సంఘమున సభ్యుడు ముప్పది నలువది యేండ్లుండును. విద్యార్థి మూడు నాలుగేండ్లకే పరీక్ష ముగించుకొని వెడలిపోవును. కావున విద్యార్థులు నడపు సంఘమున మనుష్యులకంటె పట్టికయే చిరకాలముండునది. పట్టిక యెట్టిదో సంఘమట్టిది.

ఈ విషయమున మన దేశమునందలి ప్రాచీన నిదర్శనము బౌద్ధుల వినయపిటకమున గానవచ్చుచున్నది. అందలి మహావగ్గమున నొక చిన్న కథ కలదు. భిక్షాటనమునకు బోయిన భిక్షువులను గృహస్థులు, మీరెందరు కలరని యడిగిరి. భిక్షువులు తెలియదనిరి. తమలో తామెందరో యెరుగనివారు మరి యే మేలు నెరుగుదురని జనులు నిందించిరి. అది విని బుద్ధుడు భిక్షువులను లెక్కింప ననుజ్ఞ యొసగెను. ఎన్నడు లెక్కింపవలయును? ఉపోసథదినమున. ఎట్లు లెక్కింపవలయును? క్రమముగా గణించియైనను, శలాకలనగా చిన్న పుల్లలను పంచియైనను. లెక్కకు నియతమైన దినమును, నియతమైన పద్ధతియు నేర్పడినవి. అన్నము పెట్టువారికి సంఖ్య నడుగు హక్కు కలదనియు ఈ కథవలన తేలుచున్నది. మన పోషకమహాశయులును అదే ప్రశ్న వేయుచున్నారు గదా!

సంఘమున అభిప్రాయభేదము గలిగినపుడు శలాకలను పంచు భిక్షువునకు వినయము ఐదు గుణములను విధించినది. అతడు పక్షపాతము, ద్వేషము, మోహము, భయము అను నాల్గింటికిని లోబడరాదు. తీసికొన్నదేదో, తీసికొననిదేదో యెరిగియుండవలయును. పట్టికను భద్రపరచువానికి ఇంతకు మించిన లక్షణములను మేము చెప్పజాలము.

మరియొక విశేషము. ఆ సంఘమున పెద్దఱికము వంశమునుబట్టి గాక దీక్ష గొన్న కాలమునుబట్టి యేర్పడెను. శాక్యరాజకుమారులు తమ క్షురకుడైన ఉపాలితో గూడ బుద్ధుని చేరి, తమ యభిమానము నశించుటకై అతనికే ముందు దీక్ష నిమ్మని వేడిరి. అందువలన వారు ఉపాలికి నమస్కరింపవలసిన వారైరి. ధనికుని కుమారుడును, దరిద్రుని కుమారుడును ఒకే పట్టికలోనికి వచ్చుచున్న మన దళమునకిది గమనింపదగిన వృత్తాంతము.

భిక్షుసంఘము కేవలము విద్యార్థులది కాదు. విద్యార్థులే స్థాపించి, విద్యార్థులే యేలిన సంఘమును జూడగోరువారు ఇటలీ దేశమునందలి బొలోనియా నగరమునకు బోవలయును. అచ్చటి విశ్వవిద్యాలయము 1088లో పుట్టినదని సంప్రదాయము. ధర్మశాస్త్రమును జదువ పరదేశములనుండి వచ్చిన విద్యార్థులకు ఆ నగరమున పౌరహక్కులు లేకుండెను. ఆత్మరక్షణార్థము వారు దేశములవారీగా కూటములుగా నేర్పడిరి. అవి చేరి రెండు మహాసంఘములయ్యెను: ఆల్ప్స్ పర్వతములకు ఈవలివారిదొకటి, ఆవలివారిదొకటి. సంఘాధిపతిని విద్యార్థులే తమలోనుండి యెన్నుకొనిరి. ఆచార్యులు ఆ యధిపతికి లోబడుదుమని ప్రమాణము చేయవలసియుండెను. పాఠమునకాలస్యముగా వచ్చిన ఆచార్యునకు జరిమానా విధింపబడుచుండెను! జీవితమంతయు బడిపంతులుగా గడపిన మాకు ఇది చదువునపుడు కొంత నవ్వును, కొంత సిగ్గును గలిగినవి.

సభ్యుల పేరులు వ్రాసిన పట్టికకు లాటిను భాషలో ‘మాత్రికులా’ యని పేరు. మన పెద్దలు గర్వముతో చెప్పుకొన్న ‘మెట్రిక్యులేషన్’ అను మాటకు మూలమిదియే. అనగా ఆ మాటకు తొలి యర్థము పరీక్ష కాదు, పట్టికలో పేరు చేరుట. ఆ కూటములలో జర్మనీ దేశీయుల కూటము తన ఆదాయవ్యయములను 1289 నుండి వ్రాసియుంచినది. ఏటేట కార్యనిర్వాహకులు మారుచుండిరి. చేరుసభ్యులు చెల్లించిన రుసుమును వారు పేరుపేరున వ్రాసి తరువాతివారికొప్పగించిరి. ఆ పత్రములు 1887లో బెర్లిను నగరమున అచ్చుపడినవి. అందు 1496లో తొమ్మిది చిన్న నాణెములు చెల్లించి చేరిన యొక విద్యార్థి పేరు కలదు. అతడే, భూమి సూర్యుని చుట్టు దిరుగుచున్నదని పిమ్మట లోకమునకు చాటిన కోపర్నికసు. వ్రాసినవానికి ఆ సంగతి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ఎవ్వరి పేరునైనను సమానశ్రద్ధతో వ్రాయుటయే అతని ధర్మము.

అయినను ఆ విద్యార్థుల యధికారము నిలువలేదు. నగరపాలకులు ఆచార్యులకు జీతములిచ్చుట కారంభించిన పిమ్మట అది క్రమముగా క్షీణించెను. ధనమెవ్వరిదో పెత్తనము వారిదగుట లోకసహజము. మన పోషకులు ఈ పాఠమును మనస్సున నుంచుకొందురుగాక.

బొలోనియా పట్టికలో రుసుము కలదు గాని సేవ లేదు. ఆ కొరతను దీర్చినది మన దేశపు జాతీయ సేవాపథకము. అది 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయములలో 40,000 మంది విద్యార్థులతో నారంభమయ్యెను. అందు చేరిన విద్యార్థి యేటికి 120 గంటల చొప్పున రెండేండ్లలో 240 గంటలు సేవ చేయవలయును. ఎవడు కులీనుడు, ఎవడు ధనికుడు అని గాక, ఎవడెన్ని గంటలు పనిచేసెనని యడుగు పట్టిక యిది.

ఈ పూర్వచరిత్రనుబట్టి మన దళపు పట్టికను గూర్చి మాకు తోచిన నియమములను విన్నవించుచున్నాము. అది కాగితముపై నున్నను, కంప్యూటరులో నున్నను ధర్మమొక్కటియే.

మొదటిది: పనికి కావలసినంతయే వ్రాయవలయును. పేరు, చదువు, చేరిన తేది, చేయగల పని, చేసిన గంటలు, విడిచిన తేది – ఇవి చాలును. తండ్రి యాదాయము, గోత్రము, శాఖ వడ్డనకు గాని రక్తదానమునకు గాని అక్కరకు రావు.

రెండవది: సేవకొరకిచ్చిన పేరు సేవకే చెందవలయును. మన పట్టికలు పెండ్లిసంబంధముల విచారణకును, ఎన్నికల ప్రచారమునకును చేతులు మారవచ్చునను భయము నిష్కారణము కాదు. సేవకని వచ్చిన బాలిక ఫోను సంఖ్య అపరిచితుల చేతబడినచో, ఆమె మరల రాదు. ఆమె తల్లిదండ్రులు మరియొకరిని రానీయరు. 2023లో మన పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ శాసనమును ఈ సూత్రముపైననే నిలిచినది: ఏ పనికై సమ్మతి పొందితిమో ఆ పనికే వినియోగింపవలయును. పదునెనిమిదేండ్లు నిండనివారి విషయమున తల్లిదండ్రుల సమ్మతిని అది కోరుచున్నది.

మూడవది: పట్టిక ఒక్కరి సొత్తు కారాదు. ఇద్దరు కార్యదర్శులుండవలయును, ఏటికొకరు మారవలయును. అప్పుడు పాతవాడొకడు క్రొత్తవానికి పని నేర్పుటకు ఎల్లప్పుడునుండును. పట్టికను దెరచు సంకేతపదము ఒక విద్యార్థి ఫోనులో మాత్రమేయుండి, అతడు ఉద్యోగార్థియై దూరదేశమునకు బోయినచో, దళమంతయు అతనితో బోయినట్లే.

నాల్గవది: ఉపోసథమువలె లెక్కకొక దినముండవలయును. ఏటికి రెండుమారులు పట్టికను దళమునెదుట చదివి, పనిమానినవారి పేరులను పూర్వసభ్యుల వరుసలోనికి జేర్పవలయును. తన పేరు తీసివేయుడని కోరినవాని కోరికను మన్నింపవలయును. ఉన్నవారెందరో నిజము చెప్పిన నూరుమంది దళము, వేయిమందిమని చెప్పుకొను దళముకంటె మేలు.

పోషకమహాశయులకు మా విన్నపమొక్కటి. దళము సంఖ్యను, చేసిన గంటలను, వ్యయమైన ధనమును నిస్సంకోచముగా నడుగుడు. అది మీ హక్కు. పేరుల పట్టికను మాత్రమడుగకుడు. అది వారి హక్కు. ఈ మర్యాద నిలిచినచో, నేడు పేరు వ్రాయించుకొన్న బాలురును బాలికలును రేపు సంఘమునకు మూలస్తంభములగుదురు. సర్వేశ్వరుడు ఈ మహాసభకు అట్టి నిశ్చయము నొసగుగాక!