స్పానిష్ వాడుకలో మెచ్చుకోలు మాటలు

మనసుకు నచ్చినదాన్ని చూసి స్పానిష్ మాట్లాడేవారు చటుక్కున అనే మాటలు ప్రాంతాన్ని బట్టి మారిపోతాయి. స్పెయిన్‌లో ‘మోలా’, ‘చాచి’, ‘గ్వాయ్’ అంటారు. కరీబియన్ తీరంలో ‘చేబెరే’, మెక్సికోలో ‘పాద్రే’, చిలీ, పెరూల్లో ‘బకాన్’ అంటారు. వీటిలో పేరున్నవి కొన్ని పండితుల నుంచి కాక, ఊరి చివరకు నెట్టేసినవారి నుంచి వచ్చాయి.

‘మే మోలా’ అంటే ‘నాకు నచ్చింది’ అని. వాక్యం కట్టుబడి కూడా తెలుగులో లాంటిదే: నచ్చిన వస్తువు కర్త, మెచ్చిన మనిషి ‘నాకు’. ఇంగ్లిషు వాళ్లను తికమకపెట్టే ఈ పద్ధతి మనకు కొత్త కాదు.

మోలా, చాచి రెండూ స్పెయిన్ రోమా జనం మాట్లాడే ‘కలో’ నుంచి వచ్చినవి. భారతదేశం నుంచి తరాలపాటు పడమరకు సాగిన రోమాలు స్పెయిన్ గడ్డ మీద ఉన్నట్టు చెప్పే తొలి ఆధారం 1425 నాటిది: ఆరగాన్ రాజు ఐదవ అల్ఫోన్సో ఇచ్చిన ప్రయాణ అనుమతి పత్రం. ఆ ఆదరణ నిలవలేదు. 1499లో సంచార జీవనాన్ని నిషేధించారు. 1633లో నాలుగవ ఫిలిప్ వారి భాషనూ వేషాన్నీ కూడా నిషేధించాడు. 1749లో వేలమందిని ఒక్కసారిగా నిర్బంధించారు. వారి రోమానీ భాష సొంత వ్యాకరణం పోయి, స్పానిష్ వ్యాకరణంలో రోమానీ మాటలు మిగిలాయి. అదే కలో. అందులో ‘మోల్’ అంటే విలువ చేయడం. మూలం సంస్కృత ‘మూల్య’. ‘చాచి’ వెనక ‘నిజం’ అనే రోమానీ మాట, దాని వెనక ‘సత్య’ ఉన్నాయి. జిబ్రాల్టర్ దొంగసరుకును బ్రిటిష్ నాయకుడు చర్చిల్ పేరుతో మెచ్చుకోవడం వల్ల ‘చాచి’ పుట్టిందని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది గాని, నమ్మదగినది కాదు.

స్పెయిన్ నియంత ఫ్రాంకో 1975లో మరణించాక మాడ్రిడ్ కుర్రకారు ఈ మాటల్ని ‘చేలి’ అనే తమ యాసలోకి లాక్కున్నారు. రచయిత ఫ్రాన్సిస్కో ఉంబ్రాల్ 1983లో దానికి ఒక నిఘంటువే వెలువరించాడు. ‘గ్వాయ్’ బాగా వ్యాపించిందీ ఆ రోజుల్లోనే. పాత కవిత్వంలో ఇదే రూపం ‘అయ్యో’ అనే ఏడుపుమాట కావడం ఒక వింత.

చేబెరే దారి వేరు. నేటి నైజీరియాలోని కలాబార్ ప్రాంతం నుంచి బానిసలుగా క్యూబా చేరినవారు 1836లో హవానా పక్కనున్న రేగ్లాలో ‘అబాక్వా’ అనే రహస్య సోదర సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘంలోని ఒక పదవి బిరుదులో ఈ మాట ఉంది. కలాబార్‌లోని ఎఫిక్ భాషలో దీని మూలాన్ని వెతికినవారే ఎక్కువ. క్యూబా వీధుల నుంచి ఇది వెనిజులా, కొలంబియా దాకా పాకింది.

‘పాద్రే’ అంటే తండ్రి; మెక్సికన్లు బాగున్నదాన్నల్లా ‘కే పాద్రే!’ అంటారు. బకాన్ జెనోవా వలసకూలీలతో బ్యూనస్ ఐరిస్ రేవులో దిగిన మాట, అర్థం యజమాని. అర్జెంటీనాలో అది డబ్బున్న దర్జా మనిషిని సూచించింది. చిలీ చేరేసరికి మంచి పాటైనా, మంచి భోజనమైనా బకానే అయింది.