నుండి (విభక్తి ప్రత్యయం)

నుండి అనునది తెలుగులో బయలుదేరిన చోటును, మొదలైన కాలాన్ని తెలిపే పదం. దీనికి నుంచి, నించి అనే రూపాంతరాలు ఉన్నాయి. ఉదాహరణలు: ఉద్దానం నుండి జీడిపిక్కలు పలాసకు వస్తాయి, పలాస నుండి నందిగాం మీదుగా టెక్కలికి వెళ్ళవచ్చు, నిన్నటి నుండి వాన కురుస్తున్నది.

వ్యుత్పత్తి

ఇది మొదట ప్రత్యయం కాదు. "ఉండు" ధాతువుకు క్త్వార్థక రూపమైన "ఉండి" ఇందులో దాగి ఉంది. ముందున్న నకారం పూర్వపదం చివరి ద్రుతం.

లోన్ + ఉండి = లోనుండి
మీఁదన్ + ఉండి = మీఁదనుండి
ఇంటన్ + ఉండి = ఇంటనుండి

కాలక్రమంలో ఈ నకారం పూర్వపదాన్ని విడిచి "ఉండి"తో కలిసిపోయింది. అందువలన ద్రుతం లేని పదాల తరువాత కూడా "నుండి" అనే వాడుక ఏర్పడింది. "నుంచి" రూపం "ఉంచి"తో సరిపోతున్నా, అర్థంలో "నుండి"తో భేదం లేదు.

అర్థ పరిణామం

"టెక్కలిలో ఉండి వచ్చాడు" అన్నప్పుడు అక్కడ కొంతకాలం నివసించాడని అర్థం. "టెక్కలి నుండి వచ్చాడు" అన్నప్పుడు ఆ అర్థం లోపించి, బయలుదేరిన చోటు మాత్రమే మిగిలింది. అయితే "నందిగాం నుండి మాట్లాడుతున్నాను" అనే వాక్యంలో, మాట్లాడేవాడు నందిగాంలోనే ఉన్నాడు గనుక, మూలార్థపు ఛాయ నేటికీ కనబడుతుంది.

వ్యాకరణాలలో స్థానం

19వ శతాబ్దిలో పరవస్తు చిన్నయసూరి రచించిన బాలవ్యాకరణంలో పంచమీ విభక్తికి చెప్పిన ప్రత్యయాలు వలనన్, కంటెన్, పట్టి. బడిపిల్లలు వల్లించే విభక్తుల పట్టిక దీనినే అనుసరిస్తుంది. నిత్యవ్యవహారంలో ఎక్కువగా వినబడే "నుండి" ఆ పట్టికలో లేదు. క్రియ నుండి పుట్టినదనే కారణం మాత్రం ఇందుకు చాలదు. అదే పట్టికలోని "పట్టి" (పట్టు), "కూర్చి" (కూర్చు) కూడా క్త్వార్థకాలే. కనుక "నుండి"ని పంచమీ ప్రత్యయంగా బోధించడం తెలుగు స్వభావానికి విరుద్ధం కాదు.

సోదర భాషలలో

తమిళంలో "ఇంటి నుండి" అనడానికి "వీట్టిలిరుందు" అంటారు. ఇందులో "ఇల్" సప్తమీ ప్రత్యయం, "ఇరుందు" అంటే ఉండి. మలయాళంలో "వీట్టిల్ నిన్ను" అంటారు. "నిన్ను" అంటే నిలిచి. ధాతువులు వేరైనా మూడు భాషలలోను పద్ధతి ఒక్కటే: ఒకచోట ఉండడాన్ని తెలిపే క్రియ, అక్కడి నుండి కదలడాన్ని తెలిపే ప్రత్యయంగా మారింది.