స్పెల్లింగ్ బీలో 90 సెకన్ల లెక్క: తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన సంగతులు

మే నెలాఖరు వచ్చిందంటే మన తెలుగు ఇళ్లలో స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ గురించే కబుర్లు. మా ఊళ్లో పిల్లల పోటీలకు వాలంటీరుగా వెళ్తుంటాను కాబట్టి కొత్తగా పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "మా వాడికి మాటలన్నీ వచ్చు, వేగమే లేదు. గెలుస్తాడా?" దీనికి జవాబు పోటీ నియమాల్లోనే ఉంది.

ఈ పోటీ 1925లో మొదలైంది. ఎనిమిదో తరగతి దాటని పిల్లలే అర్హులు. స్కూల్లో, తర్వాత ప్రాంతీయ పోటీలో నెగ్గినవారు జాతీయ పోటీకి వెళ్తారు. అక్కడ వేదిక మీద ఒక్క అక్షరం తప్పినా గంట మోగుతుంది, ఆట అయిపోతుంది. 2021 నుంచి స్పెల్లింగుతో పాటు మాటల అర్థాలు అడిగే రౌండ్ కూడా పెట్టారు.

2019లో ఎనిమిది మంది చివరిదాకా నిలిచారు. 20 రౌండ్లయినా తేలకపోవడంతో ఎనిమిది మందినీ విజేతలుగా ప్రకటించి, ఒక్కొక్కరికీ 50 వేల డాలర్లు ఇచ్చారు. ఆ తర్వాత వచ్చిందే 'స్పెల్ ఆఫ్'. ఇందులో ఒక్కొక్కరికీ 90 సెకన్లు ఇస్తారు. మాటల వరుస ఇద్దరికీ ఒకటే. మొదటివారు చెబుతున్నంతసేపూ రెండోవారిని వినపడనంత దూరంలో ఉంచుతారు. ఎక్కువ మాటలు సరిగ్గా చెప్పినవారిదే కప్పు.

దీన్ని మొదటిసారి 2022లో వాడారు. అప్పుడు హరిణి లోగన్ గెలిచింది. అదే రాత్రి అర్థాల రౌండులో ఆమెను ముందు ఎలిమినేట్ చేశారు. న్యాయనిర్ణేతలు ఆమె జవాబును మళ్లీ పరిశీలించి వెనక్కి తీసుకున్నారు. 2024లో ఫ్లోరిడాకు చెందిన బృహత్ సోమ 30 మాటలు చెప్పి 29 సరిగ్గా చెప్పాడు. అంటే మాటకు మూడు సెకన్లు! ఆ కుటుంబం మూలాలు నల్గొండలో ఉన్నాయి. టెక్సస్‌లోని ఆలెన్‌కు చెందిన ఫైజాన్ జాకీ 20 సరిగ్గా చెప్పి రెండో స్థానంలో నిలిచాడు.

దీన్ని బట్టి వేగమే ముఖ్యమనిపిస్తుంది. మరుసటి ఏడు ఏం జరిగిందో కూడా చూడండి. 2025 ఫైనల్లో మిగతా ఇద్దరూ తప్పడంతో ఫైజాన్‌కు గెలిచే అవకాశం వచ్చింది. తెలిసిన మాటే కదా అని ఏమీ అడగకుండా మొదలుపెట్టి తడబడ్డాడు. పోటీ మళ్లీ ముగ్గురి మధ్యకు వచ్చింది. తర్వాత నిలదొక్కుకుని కప్పు గెలిచాడు. ఆ ఏడు స్పెల్ ఆఫ్ అవసరమే రాలేదు.

మామూలు రౌండ్లలో అర్థం, ఏ భాష నుంచి వచ్చింది, వాక్యంలో ఎలా వాడతారు అని అడగడం పిల్లల హక్కు. వేగం పనికొచ్చేది చిట్టచివరి ఇద్దరు ముగ్గురికే. జాతీయ పోటీకి వచ్చే రెండు వందల మందికి పైగా పిల్లల్లో మిగతా అందరి ఫలితం నిదానంగా ఆలోచించే రౌండ్లలోనే తేలిపోతుంది. అందుకే మొదటి రెండు మూడేళ్లు ఇంట్లో స్టాప్‌వాచ్ తీయొద్దంటాను. ముందు గ్రీకు, లాటిన్, ఫ్రెంచి మూలాలు నేర్పించండి. తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి మనకు ఈ ఇబ్బంది తెలియదు. ఇంగ్లీషులో మాత్రం ఏ భాష నుంచి వచ్చిందో తెలిస్తేనే స్పెల్లింగ్ దొరుకుతుంది. ఇంకో మాట, మన యాసలో పలికి ప్రాక్టీసు చేయించకండి. మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు ఆడియో వినిపించండి. అక్కడ ప్రామాణికం అదే.

మొదలుపెట్టడానికి నిర్వాహకులే ఇచ్చే 4,000 మాటల జాబితా చాలు. వేదిక భయం పోవాలంటే చిట్టూరి రత్నంగారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ పోటీలు ఉన్నాయి. ఆ సంస్థ భారతదేశంలో పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్పులు కూడా ఇస్తుంది.

చివరిగా ఒక్క విషయం. విజేత కాని ప్రతి పిల్లవాడూ ఎప్పుడో ఒకప్పుడు ఆ గంట వినాల్సిందే. వేదిక దిగి వచ్చేటప్పుడు పిల్లలు ముందు చూసేది మన మొహం వైపే. "ఆ మాట కూడా రాదా?" అనకండి. ఆకలేస్తోందా అని అడగండి. తప్పిన మాట సంగతి మర్నాడు చూసుకోవచ్చు.