మీట

కీబోర్డు మీద ఉండే 'మీట' అచ్చ తెలుగు మాట. దాని మూలం 'మీటు' అనే క్రియ: తీగను వేలికొనతో లాగి వదలడం, బరువు కింద కర్ర దూర్చి పైకి లేపడం. ఒకదానిలో ఉన్నది లాగడం, రెండోదానిలో లేపడం. ఎంటర్ మీటకు, ఈవీఎం మీటకు వచ్చేసరికి వేలు కిందికి దిగింది, పేరు మాత్రం మారలేదు. వీణ మీద మీటేది తీగను; నొక్కి పట్టేది మెట్టు దగ్గర. ఆ లెక్కన కంప్యూటర్ మీటకు 'మెట్టు' అన్న పేరే ఎక్కువ నప్పేది. అయినా 'మీట నొక్కడం' పత్రికల్లో స్థిరపడింది, ఇప్పుడది తప్పనడం చాదస్తమే. ఫోన్ తెర మీది అక్షరాలు లేవవు, దిగవు. అక్కడ 'తాకండి' అనడమే సరి.