చక్రము పట్టాను తాకుచోటు

బేస్తవారిపేట పరిసరములలోని విద్యార్థులు మార్కాపురము, కంభము, గిద్దలూరుల మీదుగా పోవు రైళ్లను చూచియే యుందురు. నిండు సరకుతో పోవు పెట్టె యొక్క ఒక్కొక్క చక్రము సుమారు 10 టన్నుల బరువును పట్టాపై మోపును. అది పట్టాను తాకు మేర చిన్న నాణెమంత మాత్రమే. అంత చిన్న చోట ఉక్కుపై ఎంత పీడనము పడును? ఈ లెక్క తప్పినచో పట్టా ఎప్పుడు పగులునో ముందుగా చెప్పజాలము.

ఈ ప్రశ్నకు సమాధానము మొదట గాజు కటకముల వద్ద దొరకినది. 1881 జనవరిలో, 24 ఏండ్లైనను నిండని హైన్రిచ్ హెర్ట్జ్ బెర్లినులో స్పర్శ సూత్రములను వెల్లడించెను. ఒకదానిపై నొకటి నొక్కిన కటకముల నడుమ ఏర్పడు కాంతి వలయములే ఆతని యోచనకు మూలము. గోళముపై భారము 8 రెట్లైనచో స్పర్శవృత్త వ్యాసార్ధము 2 రెట్లే యగును. వైశాల్యము 4 రెట్లు, పీడనము 2 రెట్లు అగును.

కాని ఈ సూత్రములు నునుపైన గుండ్రని తలములకే చెల్లును. అరిగిన చక్రమునకు, బోల్టులతో బిగించిన పలకలకు అవి చాలవు. తాకు మేర తెలిసినగాని పీడనము తెలియదు. పీడనము తెలిసినగాని తాకు మేర తెలియదు. 1933లో ఇటలీ గణితవేత్త సిన్యోరిని ఈ చిక్కును స్పష్టమైన సమస్యగా నిలిపెను: ప్రతి బిందువు వద్దను సందైనను సున్న కావలెను, ఒత్తిడియైనను సున్న కావలెను. దీనికి సాధన కలదని 1963లో ఫికేరా నిరూపించెను.

ఆ కాలముననే, వస్తువును చిన్న తునకలుగా విభజించి లెక్కించు మరొక పద్ధతి పెరుగుచుండెను. 1960లో రే క్లఫ్ దానికి పరిమిత మూలక పద్ధతి యని పేరిడెను. దానికి బీజమైన కూరాంట్ 1943 నాటి వ్యాసములోనే దండన పద్ధతియు కలదు. తాకు తలముల నడుమ గట్టి స్ప్రింగులున్నట్లు ఊహించుటయే స్పర్శ లెక్కలలో దండన. స్ప్రింగు మెత్తనైనచో వస్తువులు ఒకదానిలోనొకటి చొరబడును. మరీ గట్టిదైనచో కంప్యూటరు లెక్క తడబడును. లాగ్రాంజ్ గుణకముల పద్ధతి చొరబాటును ఆపును గాని, కనుగొనవలసిన రాశులను పెంచును.

ఈ శాస్త్రమున తెలుగువారి కృషియు కలదు. 1945లో వరంగల్ ప్రాంతమున జన్మించి, ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన జె.యన్. రెడ్డిగారు 1976లో టిన్స్‌లీ ఓడెన్‌తో కలిసి పరిమిత మూలకముల గణిత సిద్ధాంతముపై గ్రంథము వ్రాసిరి. దండన పద్ధతిని ద్రవ ప్రవాహముల లెక్కలకు అన్వయించిరి. ఓడెన్ 1988లో కికూచితో కలిసి స్పర్శ సమస్యలపై గ్రంథము వెలువరించెను.

ఐనను కంప్యూటరు చూపు రంగుల పటమును వెంటనే నమ్మరాదు. మొదట ఒక గోళముతో లెక్క వేయించి, హెర్ట్జ్ సూత్రముతో సరిపోల్చవలెను. కలముతో వేసిన 1881 నాటి లెక్కయే నేటికిని ఆ యంత్రమునకు పరీక్షాధికారి.